మాబున్ని ఒక్కపొద్దులు

పొద్దు గూకిందా, అని అడిగింది అత్త. ఇంకా లేదు, అన్నాను. అబద్ధం కాదు, ఎండ ఇంకా పెరటి గోడ మీదే ఉంది, మునగచెట్టు నీడ గోడెక్కి చూరు దాకా పోతేగాని పొద్దు గూకినట్టు కాదు, ఈ కొలత నాకు నేర్పింది ఆవిడే. మళ్ళీ కళ్ళు మూసుకుంది. పెదాలు పొట్టు లేచి తెల్లబడ్డాయి, నాలుక బయటికొచ్చి వాటిని తడపబోయి, తనకే తడి లేక లోపలికి పోయింది. మండుటెండలో నడిచొచ్చి మధ్యాహ్నం గుమ్మంలో కూలబడింది. వడదెబ్బ. ఒళ్ళు పెనంలా కాలుతోంది, మతి ఎటో పోయింది, ఇది రంజాన్ నెల అనుకుంటోంది, తను ఒక్కపొద్దు ఉన్నాననుకుంటోంది. పండగ ఎప్పుడో వెళ్ళిపోయింది, సేమ్యా వండిన గిన్నె నేనే తోమాను. ఈ ఇంట్లో ఇవాళ ఒక్కపొద్దున్నది నేను, ఆవిడ కాదు. ఆవిడ పొద్దున నా ఎదురుగానే చద్దన్నంలో ఉల్లిపాయ కొరుక్కుని తిని చెయ్యి కడిగింది. అత్తా, పండగైపోయింది, నీకు ఒక్కపొద్దు లేదు, తాగు. ఇంతే మాట. ఈ మాటంటే తాగుతుంది, తాగితే బతుకుతుందేమో. నీళ్ళ కడవ చెయ్యి చాస్తే అందుతుంది. మాట నా నోట్లోనే ఉంది, తెల్లవారుజాము నించి ఎండిన నోరు కదా, అంగిట్లో అంటుకుపోయింది.

ఇల్లంతా దూది. దూదేకులవాళ్ళ ఇంట్లో దూది కాక ముత్యాలుంటాయా. మూలన బూరుగు దూది మూట, మంచం కింద పాత పరుపులు విప్పిన నల్లదూది, చూరుకి సాలెగూళ్ళలా వేలాడే దూది, అన్నంలో దూది, నమాజు చేసే చాప మీద దూది. మా ఆయన మౌలాలి దూదేకే విల్లు భుజాన వేసుకుని రాజోలు వైపు ఒక రాజుగారింట్లో పెళ్ళి పరుపులు ఏకడానికి వెళ్ళాడు, ఈ సాయంత్రం వచ్చేస్తానన్నాడు. ఆయన దూది ఏకుతుంటే పక్కన కూర్చుని నేను పింజలు విడదీసేదాన్ని, ఒక్కపొద్దు రోజుల్లో కూడా, పమిటచెంగు ముక్కుకి కట్టుకుని. ఎంత కట్టుకున్నా ఒక పోగు లోపలికి పోతుంది. గొంతులో కూర్చుంటుంది. మింగితే ఒక్కపొద్దు పోతుందేమోనని భయం, ఉమ్మడానికి ఉమ్మి లేదు. ఆ పోగు అక్కడే నిలబెట్టుకుని ఒకసారి అత్తని అడిగాను. దూది తిండి కాదులేవే, మింగు, అంది. ఆవిడ నాకు మింగమని చెప్పింది ఈ ఇంటికొచ్చాక అదొక్కటే. కాలవలు కట్టేసి నెల దాటింది, గన్నవరం దగ్గర గోదారి మీదుగా దాటే కాలవ కూడా ఎండిపోయి పిల్లలు అందులో గోళీలాడుకుంటున్నారట, ఆయనే చూసొచ్చి చెప్పాడు. రోహిణి ఆఖరు, రేపు మృగశిర అంటున్నారు. నూతిలో చేద వేస్తే అడుగున బురద తగిలి చప్పుడొస్తుంది. ఆ నీళ్ళు తేర్చి కడవ నింపింది నేను. కడవ పొట్ట చెమర్చింది, చెమట బొట్టు ఒకటి మెడ మీంచి జారుతోంది, దాన్నే చూస్తున్నాను, అది కింద ఇసకలోకి ఇంకిపోయింది.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. చచ్చినదాని కళ్ళయితే చేటంత. నేను ఈ ఇంట్లో రెండో పెళ్ళాన్ని. మొదటిది మాబున్ని, అత్తకి అన్నకూతురు. కిందటేడు రంజాన్ నెలలో కడుపుతో ఉండి సగం ఒక్కపొద్దులు ఉంది, సగం ఉండలేకపోయింది. తరవాత తీర్చుకుంటానంది. పురిట్లో పోయింది, బిడ్డా పోయింది. పోయేముందు దాహం దాహం అంటే అత్త దూది తడిపి నోట్లో పిండిందట, రాత్రంతా పిండుతూనే ఉందట, ఇది నాకు ఎన్నిసార్లు చెప్పిందో. మాబున్ని నవ్వితే ఇల్లు నిండేది, మాబున్ని కుట్టు ముద్దుగా ఉండేది, మాబున్ని చేతి చేపల పులుసు ముందు ఇదొక పులుసా. నేను మురమళ్ళ అవతలి పల్లెదాన్ని, పులుసు నాకూ వచ్చు. నా పులుసే గిన్నె నాకి మరీ తిన్నాడు మా ఆయన, తిని, అమ్మ వింటుందేమోనని బాగుందని చెప్పలేదు. చచ్చినదానితో పోటీ పడకూడదు, ఎప్పుడూ అదే గెలుస్తుంది, దానికి జబ్బు చెయ్యదు, నోరు జారదు, వయసు రాదు.

పండగనాడు నమాజు చేయించడానికి అమలాపురం నించి హజరతుగారొచ్చారు. మా నాలుగిళ్ళవాళ్ళూ కొబ్బరితోటలో చాపలు పరుచుకుని కూర్చున్నాం, ఆడవాళ్ళం తడిక వెనకాల. మెత్తని గొంతు ఆయనది. కడుపొక్కటే ఒక్కపొద్దుంటే చాలదమ్మా, అన్నారు, కన్నూ ఉండాలి, చెవీ ఉండాలి, నాలుకా ఉండాలి, అబద్ధమూ చెడ్డమాటా మాననివాడు అన్నం నీళ్ళూ మానేస్తే దేవుడికి దాంతో ఏం పని. నమాజు చేస్తే పదిమంది చూస్తారు, దానం చేస్తే పుచ్చుకున్నవాడు చూస్తాడు, ఒక్కపొద్దుని మాత్రం ఎవరూ చూడలేరు, గదిలోకెళ్ళి గుక్కెడు నీళ్ళు తాగి మూతి తుడుచుకుని వస్తే ఎవరికి తెలుస్తుంది, అందుకే దేవుడు ఇది నాదీ అన్నాడు, దీని ఫలం నా చేత్తో నేనే ఇస్తానన్నాడు. అది విన్నప్పుడు నా ఒళ్ళు జలదరించింది. నిజంగానే. నేను చదువుకోలేదు, నాకు ఖురానులో నాలుగు సూరాలు వచ్చు, అవీ తప్పుల్తో. కాని ఆ మాట నాకోసమే చెప్పినట్టుంది, ఎవరూ చూడని మనిషిని కదా నేను, ఎవరూ చూడని పని ఒకటుంది, దాన్ని ఆయన చూస్తాడు. పక్కన అత్త ముక్కు చీదింది. తడిక చాటునించే అడిగింది, ఒక్కపొద్దులు బాకీ ఉండగానే చచ్చిపోయిన పిల్ల సంగతేంటండీ హజరతుగారూ, అని. ఇంటివాళ్ళు తీర్చాలమ్మా, ఒక్కో ఒక్కపొద్దుకి ఒక్కో బీదవాడికి కడుపునిండా అన్నం పెట్టండి, ఒకరి బదులు ఇంకొకరు ఉండటం కుదరదు, అని ఆయన చెప్పారు. నేను విన్నాను. అత్త మొదటి ముక్కే విన్నది. ఇంటికొచ్చి, ఇంటివాళ్ళు తీర్చాలన్నారు కదా, రేపట్నించీ నువ్వుండు, అంది.

బీదవాళ్ళకి అన్నం పెట్టమన్నారు కదత్తా, అన్నాను. మనకంటే బీదవాళ్ళని ఎక్కడ తెచ్చేదే, అంది. అన్నం పెట్టడానికి మన దగ్గరేవుంది, కడుపు మాడ్చుకోడానికైతే నువ్వున్నావు కదా. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఇక్కడ కోడలి కడుపు అత్త దానం. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతుందట, అదీ నా వీపు మీద కాలేసి. మౌలాలి వైపు చూశాను. చేత్తో విల్లు నారి సవరిస్తూ, అమ్మ మనసు, ఉండు, అన్నాడు. ఆయన మంచివాడు, దూది లాంటివాడు, ఎవరు ఎటు నొక్కితే అటు అణుగుతాడు. అలా మొదలయ్యింది. ఇల్లంతా తింటుంటే నేనొక్కదాన్నే ఒక్కపొద్దు. రంజాన్ నెలలో అందరూ ఉంటారు, ఆకలి ఊరుమ్మడి, పక్కింటి పిల్ల తెల్లగా ఎండిన నాలుక చాపి చూపిస్తే నువ్వూ చాపి నవ్వుకోవచ్చు. పండగైపోయాక వండి వడ్డించి ఎదురుగా కూర్చునే ఆకలి వేరు. అత్త చేపముల్లు చీకుతూ నా వంక చూసేది, నేను మింగుతున్నానేమోనని గొంతు వంక చూసేది. నూతి దగ్గరికి ఎక్కువసేపు పోతే చేద చప్పుడు లెక్కపెట్టేది. తాగలేదు. నూతి చప్టా మీద ఒక్కదాన్నీ కూర్చుని చేదలో నీళ్ళలోకి ముఖం పెట్టి చూసుకున్నాను, ముక్కు కొసకి తడి తగిలింది, ఎవరూ లేరు, తాగలేదు. భక్తి అనుకుంటే భక్తి. మాబున్ని ఉండలేనివి నేను ఉంటున్నాననే పొగరనుకుంటే అదీను. నా ఆకలి మాబున్నికి చేరదని హజరతుగారు చెప్పేశారు కదా, మరి ఎక్కడికి పోతోంది ఇదంతా, ఇంత ఆకలి, ఎవరి ఖాతాలోనూ పడకుండా. ఇక్కడే ఉంది. పొట్టలోనే ఉంది. పులిసింది.

నోరు అటు తిప్పి మాట్లాడవే, కంపు, అనేది. ఒక్కపొద్దున్నవాళ్ళ నోటి వాసన దేవుడికి కస్తూరి కంటే ఇష్టమని ఆ హజరతుగారే చెప్పారు, అది కూడా అత్త వినలేదు, లేదా విని దేవుడి ముక్కు దేవుడిది, నా ముక్కు నాది అనుకుంది. దానికీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది సాయంత్రం. కొత్తపేట మసీదులో నమాజుకి పిలిచే బాంగు గాలి ఇటు తిరిగితే వినపడుతుంది, వినపడగానే ఒక్కపొద్దు విడవాలి, ఆలస్యం చెయ్యకూడదు, పొద్దు గూకాక ఆపుకోమని దేవుడడగలేదు. నేను లోటా ఎత్తేసరికి అత్త చెయ్యి నా మణికట్టు మీద పడేది. చచ్చినదానికి వెళ్ళే ఒక్కపొద్దు, సందుండకూడదు, చుక్క పొడవనీ, అనేది. అరుగు మీద కూర్చుని తమలపాకు ఈనె తీస్తూ ఆకాశంలోకి చూసేది. పొడిచిందా అత్తా? ఇంకా లేదు. పొడిచిందా? ఇంకా లేదే, తొందరేం, నువ్వేమన్నా చస్తావా. ఆ మాటకి ఆవిడ పెదాల చివర ఒక చిన్న వంపు వచ్చేది. నేను చూశాను. మబ్బు పడితే ఇక చుక్కే ఉండదు, అప్పుడు ఆవిడకి ఎప్పుడు దయ కలిగితే అప్పుడు పొడిచేది.

పొద్దు గూకిందా మాబున్నీ. ఇంకా లేదు. ఇందాకట్నించీ మాబున్ని అనే పిలుస్తోంది. ఇవాళ ఆఖరిది కదా, ఇవాళ్టితో మాబున్ని బాకీ చెల్లు, ఆ సంగతి చెప్పిరావాలని పొద్దున చద్దన్నం తిని బయల్దేరింది, ఎండిన కాలవ అడ్డంగా దాటి అవతల గట్టు మీది ఖబరస్తానుకి. మన్ను నెర్రెలిచ్చిన కాలవలో ఉత్త కాళ్ళతో. నీడ లేదక్కడ, ఉన్న రెండు తాడిచెట్లూ ఎత్తుకే గాని చల్లదనానికి కావు. ఎంతసేపు కూర్చుందో సమాధి దగ్గర, ఏం చెప్పుకుందో. నా కోడలు నీ బదులు ఉందమ్మా అని చెప్పి ఉంటుందా. పీరమ్మ ఉందని నా పేరు చెప్పి ఉంటుందా. చెప్పి ఉండదు. గుమ్మంలో కూలబడగానే పట్టుకుంది నేనే, పడుకోబెట్టింది నేనే, లోటాతో నీళ్ళు తెచ్చి నోటి దగ్గర పెట్టిందీ నేనే, ఇది దేవుడు చూశాడు, రాసుకోమనండి. పళ్ళు బిగించేసింది. ఒక్కపొద్దే నేను, అంది. చేత్తో లోటా తోసేసింది, నీళ్ళన్నీ నా కుచ్చిళ్ళ మీద పడ్డాయి, చల్లగా తొడలకి అంటుకున్నాయి, ఆ చల్లదనానికి నాకు ఏడుపొచ్చింది. అప్పుడే అనాల్సింది. నీకు ఒక్కపొద్దు లేదత్తా, ఉన్నా జబ్బుమనిషి విడవొచ్చని దేవుడే అన్నాడు, తాగు. అనలేదు. కుచ్చిళ్ళు పిండుకున్నాను.

పక్కింటి వీరాయమ్మగారొచ్చారు, గ్లాసుడు మజ్జిగ, దంచిన నీరుల్లిపాయ పట్టుకుని. అరికాళ్ళకి రసం రాశారు. నోట్లో ఏదన్నా పడిందాండీ బూబమ్మగారూ, అని నన్నడిగారు, మా ఆడవాళ్ళందరూ ఆవిడకి బూబమ్మలే. ఒక్కపొద్దంటండీ, తాగనంటోందండీ, అన్నాను. అత్త అన్నమాటే చెప్పాను, నా మాట కాదు. వీరాయమ్మగారు ఏకాదశికి నీళ్ళు కూడా ముట్టని మనిషి. ముక్కు మీద వేలేసుకున్నారు. ఇంత జ్వరంలోనూ ఎంత నిష్ఠోనండీ, మా అత్తగారూ ఇంతేనండీ, పోయిన రోజు కూడా తులసినీళ్ళు ముట్టలేదు, అన్నారు. కాసేపు చూసి, అలాంటి నిష్ఠ మనం చెడగొట్టకూడదండి, పొద్దు గూకగానే తాగించెయ్యండే, అన్నారు. ఆయ్, అన్నాను. దండం పెట్టుకుని మరీ వెళ్ళారు, పాలు పితికే వేళయిందని. మా అత్తకి! నాకు నవ్వొచ్చింది. నవ్వితే పెదవి చిట్లి ఉప్పగా తగిలింది, అది మింగితే నా ఒక్కపొద్దు ఏమవుతుందోనని ఉమ్మేశాను. అంత జాగర్త.

నీడ చూరుకి దగ్గరయింది. కోళ్ళు గంప చుట్టూ చేరాయి. ఆవిడ ఊపిరి చప్పుడు మారింది, పాత పరుపు మీద కూర్చుంటే వచ్చే చప్పుడులా ఉంది. మూటలోంచి ఒక దూది పింజ తీశాను, తెల్లది, మంచిది, రాజుల పరుపుల కోసం దాచింది. లోటాలో ముంచాను. వేళ్ళు నీళ్ళు తాగుతున్నాయి, నా వేళ్ళకి ఒక్కపొద్దు లేదు కాబోలు, మోచేతి దాకా హాయిగా ఉంది. ఈ పింజ ఆవిడ పెదాల మీద పిండితే పళ్ళు బిగించినా లోపలికి దిగుతుంది, మాబున్ని నోట్లో రాత్రంతా దిగినట్టు. నాకు జ్వరమొస్తే ఎవరు పిండుతారు. అత్త పిండదు. నేను పోతే మూడోదాన్ని తెస్తుంది, దానికి నా పులుసు గురించి చెబుతుంది, నా ఒక్కపొద్దుల గురించి చెబుతుంది, అప్పుడు నేను బంగారాన్ని. పింజ పిండలేదు. లోటాలోనే వదిలేశాను, నీళ్ళు పీల్చుకుని అడుక్కి దిగింది. నేనేం చేస్తున్నాను? ఏమీ చెయ్యట్లేదు. తెల్లవారుజాము నించి నేను చేస్తున్నది అదే కదా, తినకపోవడం, తాగకపోవడం, చెయ్యకపోవడం. ఒక్కపొద్దంటేనే చెయ్యకపోవడం. నాలుక కూడా ఒక్కపొద్దుంది, ఇవాళ ఒక్క అబద్ధం ఆడలేదు. అసలు కోపం కూడా ఇప్పుడు లేదు. చల్లగా ఉంది లోపల, నూతి అడుగున ఉన్నట్టు ఉంది. అదే నాకు భయమేస్తోంది.

బాంగు. సన్నగా, గాలి తెచ్చి ఇచ్చి మళ్ళీ లాక్కుంది. వినపడిందో లేదో ఆవిడ కళ్ళు తెరిచింది, బాంగయిందా, అంది. గొంతు లేదు, గాలే. నా చేతిలో లోటా ఉంది. ఇప్పుడిక ఎవరికీ ఒక్కపొద్దు లేదు, నాకూ లేదు, ఆవిడకీ లేదు, మధ్యలో ఏ దేవుడి ఆజ్ఞా లేదు. చుక్క పొడవలేదత్తా, అన్నాను. నా గొంతు కాదనిపించింది. ఆవిడ గొంతే. అరుగు మీద ఆకు ఈనె తీస్తూ అనే గొంతు. అలాగా, అన్నట్టు తలూపింది, బుద్ధిమంతురాలిలా, ఇంకాస్త ఆగుతాననీ, సందుండకూడదనీ. తలుపు తీసి ఆకాశం చూస్తూ కూర్చున్నాను. నేనూ తాగలేదు. ఇది న్యాయం, ఇద్దరికీ ఒకటే కొలత. కొబ్బరి మట్టల మధ్య ఆకాశం ఎర్రగా ఉండి, బూడిద రంగయి, నీలమయింది. ఇన్నాళ్ళూ ఇంత ఆలస్యంగా పొడుస్తుందని తిట్టుకున్న చుక్క ఇవాళ మరీ తొందరగా పొడిచేస్తుందేమోనని చూశాను. దాన్నించి కళ్ళు తిప్పుకోవాలనిపించింది. పొడిచింది. రేపు మృగశిర, దూరంగా సముద్రం వైపు ఒక మెరుపు కూడా.

పొడిచిందత్తా, అని తల ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాను. ఎంత తేలిక తల, నింపని దిండంత. లోటా పెదాలకి ఆనించాను. ఆవిడ చెయ్యి లేచి నా మణికట్టు మీద పడింది. అదే చెయ్యి, అదే చోట. ఆపింది. కళ్ళు నా ముఖంలో ఎవర్నో వెతికి పట్టుకున్నాయి. ముందు నువ్వు తాగమ్మా, అంది. తెల్లారుజాము నించి ఉన్నావు. తాగు, నా తల్లి కదూ.

ఈ ఇంట్లో నన్ను తాగమన్నవాళ్ళు లేరు. ఆ మాట మాబున్నిదని తెలుసు. తెలిసి తీసుకున్నాను. నా పేరు చెప్పలేదు, చెబితే ఆ చెయ్యి తీసేస్తుందని. లోటా ఎత్తి తాగాను, ఆపలేకపోయాను, దూది పింజ పెదాలకి తగిలేదాకా, పింజని కూడా పీల్చాను, ఊపిరాడక ఆగాను. ఆగి, మళ్ళీ నింపి, పింజ ముంచి ఆవిడ పెదాల మీద పిండాను. నీళ్ళు ఒక పక్కనించి లోపలికి పోయి ఇంకో పక్కనించి మెడ మీదికి దిగాయి. మళ్ళీ పిండాను. అత్తా, పీరమ్మనత్తా, అన్నాను, ఇప్పుడు. నా మణికట్టు మీంచి ఆ చెయ్యి జారిపోయింది, ఊపిరి చప్పుడు లేదు. నీళ్ళు చెవి వెనక్కి దిగి, జుట్టులోకి పోయి, నా ఒళ్ళో ఇంకాయి.

కాలవ గట్టు మీద విల్లు మోగింది. వీధిలోకి రాగానే ఆయన వేలితో నారి ఒకసారి మీటుతాడు, వచ్చానని. ఇంకో నిమిషంలో గుమ్మంలో ఉంటాడు. విల్లు దించకముందే, అమ్మకి నీళ్ళిచ్చేవా, అంటాడు. వీరాయమ్మగారు సాక్ష్యం ఉన్నారు, నిష్ఠ అని దండం పెట్టుకుని వెళ్ళినావిడ. అత్త ఒక్కపొద్దుందండీ, అని చెబుతాను. అబద్ధం కాదు. రేపు ఊరంతా వచ్చి అదే చెప్పుకుంటారు, ఒక్కపొద్దుతో పోయిన మనిషని, మాబున్ని సమాధి పక్కనే పెడతారు. నూతి దగ్గరలాగే ఇక్కడా ఎవరూ లేరు, నన్నెవరూ చూడలేదు. ఇది నాదీ అన్నవాడు చూశాడు. ఫలం ఆయనే ఇస్తాడు, ఆయన చేత్తో.